తమిళ వ్యాకరణము : విన్నది విన్నట్లు

(చిత్తూరు పట్టణమున నొక పఠనమందిరమునందు న్యాయవాది యొకరు గావించిన ఉపన్యాసము)



విశ్వవిద్యాలయములందు తమిళభాషయొక్క వర్ణనాత్మక వ్యాకరణము నభ్యసించుట నేటి నా విషయము. ప్రకటన పత్రమును జూచిన మిత్రులొకరు "తెలుగు వ్యాకరణమే యెవరికిని పట్టని దినములలో తమిళ వ్యాకరణ మెవరికి కావలెనయ్యా? అందులోను వకీలునకు దానితో నేమి పని?" అని నన్నడిగిరి. ప్రశ్న న్యాయమైనదే. కాని చిత్తూరువంటి సరిహద్దు పట్టణమున నిలిచి దీనికి సమాధానము చెప్పుట కష్టము కాదు. 1960 ఏప్రిలు 1వ తేదీన తిరుత్తణి తాలూకా మదరాసు రాష్ట్రమున జేరినది. ఆవలినుండి కొన్ని గ్రామములు మనవైపునకు వచ్చినవి. గీత కదలినది గాని ప్రజల నాలుక కదలలేదు. నేటికిని మన న్యాయస్థానములలో సాక్షి తమిళమున జెప్పుటయు, వకీలు తెలుగున నడుగుటయు, వ్రాత ఇంగ్లీషున సాగుటయు గలదు. ఈ మూడు భాషల నడుమ జారిపోవునది యొకటి యున్నది. దానిని పట్టుకొనుటకు నేర్పు శాస్త్రమును గూర్చియే నేను ముచ్చటింపదలచితిని.

వ్యాకరణమనగానే మనకు బాల్యమునాటి బెత్తము జ్ఞప్తికి వచ్చును. "ఇట్లనవలెను, అట్లనరాదు" అని శాసించుటయే వ్యాకరణమని మనవా రనుకొందురు. వర్ణనాత్మక వ్యాకరణ మట్టిది కాదు. "ఎట్లనుచున్నారు?" అను నొక్క ప్రశ్న మాత్రమే యది వేయును. మా వృత్తిలోని యుపమానము జెప్పవలెనన్న, మొదటిది శాసనము, రెండవది పంచనామా. నేరస్థలమున గోడ కూలియున్నచో కూలియున్నదని వ్రాయవలెనేగాని, మంచి గోడ నిలిచి యుండవలెనని వ్రాసినవాని కాగితము చెల్లదు. పంచనామా వ్రాయువాడు శాసనమునకు శత్రువు కాడు. అతని పని వేఱు, అంతియే.

ఇది పాశ్చాత్యులు నిన్న మొన్న గనిపెట్టిన మాటయని యనుకొనవలదు. తమిళుల తొల్కాప్పియమును జూడుడు. అందు అక్షరము, పదము, అర్థము అను మూడు భాగములు గలవు. ఒక్కొక్క భాగమునకు తొమ్మిదేసి ప్రకరణములు. గ్రంథకర్త రెండింటిని పరిశీలించి దీనిని రచించెనని దాని పీఠికాపద్యము చెప్పుచున్నది: ఒకటి జనుల వాడుక, రెండవది కవుల పద్యము. వాడుకకు తమిళులు వాడు మాట "వఴక్కు". ఆ వఴక్కు అను మాటకే నేటి తమిళమున న్యాయస్థానమందలి వ్యాజ్యము అనియు నర్థము గలదు! వకీలునకు వ్యాకరణముతో నేమి పని యని యడిగిన మిత్రునకు ఆ యొక్క మాటయే జవాబుగా చెప్పవచ్చును. తొల్కాప్పియకర్త తనకు ముందటి పెద్దలు చెప్పిరని మాటిమాటికి ననుచు, ఏ యక్షరము నోటిలో నెచ్చట పుట్టునో, నాలుక యెచ్చట తాకునో ఒక ప్రకరణము నిండ వర్ణించెను. అది విని వ్రాసినవాని పని. పదుమూడవ శతాబ్దారంభమున జైనుడైన పవణంది నన్నూలును రచించినపిమ్మట, ఆ గ్రంథమే తరతరముల బడిపుస్తకమైనది. నన్నూలు గొప్పది, అందు సందేహము లేదు. కాని బడిపుస్తకముగా మాఱిన ప్రతి వ్యాకరణమునకు పట్టు గతి దానికిని పట్టినది. భాష దాటిపోయినను సూత్ర మచ్చటనే నిలిచినది.

ఇక విశ్వవిద్యాలయ విద్యార్థి మొట్టమొదట నభ్యసించునది ధ్వని. తమిళలిపిలో క, గ లకు ఒక్కటే యక్షరము. ట, డ లకు ఒక్కటి. ప, బ లకు ఒక్కటి. మనవారు దీనిని జూచి "పాపము, వారికి అక్షరములు చాలవు" అని నవ్వుదురు. ఆ నవ్వు తొందరపాటు. మాట మొదటను, ద్విత్వమందును ఆ యక్షరము "క" యగును. అనునాసికము తరువాత "గ" యగును. రెండచ్చుల నడుమ మెత్తబడును. "పాంపు" అని వ్రాసి "పాంబు" అని చదువుదురు. "మకన్" అని వ్రాసి "మగన్" అని పలుకుదురు. ఎచ్చట నే ధ్వని వచ్చునో స్థానమే నిర్ణయించుచున్నపుడు దానికి రెండు అక్షరము లెందులకు? ఇట్లు స్థానమునుబట్టి మాఱు ధ్వనులను ఒకే వర్ణముయొక్క సవర్ణములని నేటి భాషాశాస్త్రజ్ఞు లందురు. ఆ మాటలు పుట్టకముందే ఆ తత్త్వము నెఱిగి లిపిని గూర్చినవా రెవరో గాని, వారి చెవికి నమస్కరింపవలెను. కాల్డ్వెల్ దొర 1856లో ప్రకటించిన ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణమున ఈ పరుష సరళముల మార్పునకు ఒక న్యాయమని పేరు పెట్టెను.

ఐనను కథ అచ్చటితో ముగియలేదు. సంస్కృతమునుండి "భావము" తమిళమున కేగి "బావం" అయినది. "పాపము" ఏగి "పావం" అయినది. వ్రాతలో రెండును ఒక్కటే. పలుకుటలో నొకటి బ కారముతో, ఇంకొకటి ప కారముతో మొదలగును. ఇపుడు స్థానము నిర్ణయించుటలేదు. రెండును మాట మొదటనే యున్నవి, అర్థము మాఱుచున్నది. కావున నేటి వాడుక తమిళమున "బ" వేఱు వర్ణమా, కాదా? పట్టణమున చదువుకొన్నవాని నోట నొక విధముగను, పల్లెయందలి వృద్ధుని నోట నొక విధముగను సమాధానము రావచ్చును. ఎవరి తమిళమును వర్ణించుచున్నామో ముందు చెప్పక ఈ ప్రశ్నకు జవాబు చెప్పుటకు వీలులేదు. ఈ నిజాయితీయే యీ శాస్త్రము నేర్పు మొదటి పాఠము.

తెలుగువారికి ఆసక్తి కలిగించు ధ్వనులు మఱి రెండున్నవి. తమిళుల "ఴ" కారము మనకు పోయినది. వారి "కోఴి" మన "కోడి", వారి "ఏఴు" మన "ఏడు". కాని యొకప్పుడు మనకును నుండెను. మన ప్రక్కనే యేలిన రేనాటి చోళుల తెలుగు శాసనములయం దా యక్షరమును నేటికిని చూడవచ్చును. రెండవది మాట చివరి హ్రస్వతరమైన "ఉ". తమిళమున చెవిని "కాదు" అందురు. మన "కాదు" వలె పెదవులు గుండ్రముగ చుట్టి పలికినచో తమిళుడు నవ్వును. వారి చివరి యుకారమునకు పెదవి చుట్టుకొనదు. ప్రాచీన వైయాకరణులు దీనిని గుర్తించి ప్రత్యేక నామమే యుంచిరి. పదియేండ్లు మదరాసున వ్యాపారము చేసిన మన కోమటి సోదరునకు గూడ దీనిని చెప్పినవారు లేరు.

పరదేశీయులు తమిళమును వ్రాయుట పదునారవ శతాబ్దమున మొదలయినది. ముత్యపు తీరమున మతప్రచారము చేసిన పోర్చుగీసు పాదిరి అన్రీకె అన్రీకెస్ మొదటివాడు. జర్మను పాదిరి సీగన్‌బాల్గు వ్రాసిన లాటిను గ్రంథము 1716లో హాలె నగరమున అచ్చయినది. వీరి కష్టము గొప్పది. కాని వీరి చేతనున్నది లాటిను మూస. లాటినున నెన్ని విభక్తులో, ఎన్ని క్రియారూపములో, వానికి సరిపడు తమిళపు మాటలను వెదకి గళ్ళలో నింపుటయే వారి పద్ధతి. లాటినులోనున్న సంబంధ సర్వనామము తమిళమున నెచ్చట? వెదకినను దొరకదు. "నేను చదివిన పుస్తకము" అని మనమన్నట్లే వారును "నాన్ పడిత్త పుత్తగం" అందురు. "నేను కోసిన పండు" అన్నను "నేను కోసిన కత్తి" అన్నను మనకు చక్కగ తెలియును. ఆ "కోసిన" అను నొక్క మాట కర్మను, కరణమునుగూడ తనలో నిముడ్చుకొనును. తమిళమునను ఇట్లే. దీనిని లోపమని తలచుట మూసయొక్క దోషమేగాని భాష దోషము కాదు.

ఈ పాదిరులలో బెస్కి యను ఇటలీదేశీయుని ప్రత్యేకముగ స్మరింపవలెను. తమిళులు వీరమాముని యని గౌరవించునది ఇతనినే. ఇతడు కొడుందమిళమునకు, అనగా వాడుక తమిళమునకు, ఒక వ్యాకరణమును, సెందమిళమునకు వేఱొకటియు వ్రాసెను. మొదటిది 1738లో తరంగంబాడిలో అచ్చుపడినది. ఒకే పేరుగల భాషకు రెండు వ్యాకరణములు కావలసివచ్చిన సంగతిని అతడు దాచలేదు.

ఇచ్చట మన తెలుగునకు సంబంధించిన మాట యొకటి చెప్పక ముందుకు పోలేను. తమిళము, తెలుగు, కన్నడము ఒకే కుటుంబమువనియు, సంస్కృతమునుండి పుట్టినవి కావనియు మొదట సాక్ష్యములతో నిరూపించిన లేఖనము అచ్చయినది తమిళ గ్రంథమున గాదు, తెలుగు వ్యాకరణమున. 1816లో కాంబెల్ దొర ప్రకటించిన తెలుగు వ్యాకరణమునకు మదరాసు కలెక్టరు ఎల్లిస్ వ్రాసిన పీఠికయే యది. మదరాసులోని సెంట్ జార్జి కోట కళాశాలలో తెలుగు పండితుడైన పట్టాభిరామశాస్త్రిగారు కూర్చిన ధాతుపట్టికను ఎల్లిస్ అందు వినియోగించెను. మామిడి వెంకయ్యగారి ఆంధ్రదీపికనుగూడ పేర్కొనెను. కాల్డ్వెల్‌కు నలువదియేండ్ల ముందటి మాట ఇది. మూడేండ్లకే, 1819లో, ఎల్లిస్ రామనాథపురమున పొరపాటున విషము సేవించి మరణించుటచే అతని పని నిలిచిపోయినది. తెలుగు పండితుని పట్టికయు, తమిళ వ్యాకరణమును ఒక్క బల్లపై నుంచి చూచినందుననే ఆ సత్యము బయల్పడినది. ఈ రెండింటిని వేర్వేఱు గదులలో నుంచి చదివించు నేటి మన విద్యావిధానమున నది బయల్పడి యుండునా?

బల్లపై నుంచి చూచినచో ఇంకను నెన్నియో కానవచ్చును. మన భాషలో "వాడు వచ్చుచున్నాడు" అందుము. "ఆమె వచ్చుచున్నది", "ఆవు వచ్చుచున్నది" అని స్త్రీకిని గోవునకును ఏకవచనమున ఒకే క్రియ. బహువచనమున మాత్రము స్త్రీలు పురుషులతో జేరి "వచ్చుచున్నారు" అందురు. తమిళుడు "అవళ్ వందాళ్" అని స్త్రీకి ప్రత్యేక రూపము నిచ్చి, మనుష్యుల నెల్ల నొక తిణైగను, తక్కినవాని నొక తిణైగను విభజించును. మనది మహత్తు, అమహత్తు అను విభాగము. వారిది ఉయర్‌తిణై, అహ్ఱిణై అను విభాగము. ఏది మేలన్న ప్రశ్న శాస్త్రమున లేదు. చిన్నయసూరిగారు 1858లో బాలవ్యాకరణమున చేసిన విభాగముయొక్క విలువ తమిళమును ప్రక్కన నిడినపుడే స్పష్టముగ తెలియును.

విభక్తులలోను అంతే. "చేత", "తోడ" అను రెండింటిని మనవారు తృతీయలోనే చేర్చిరి. తమిళ వైయాకరణులును "ఆల్", "ఓడు" లను మూడవ వేఱ్ఱుమైలోనే యుంచిరి. కాని నేటి తమిళమున "కత్తియాల్ వెట్టినాన్" అన్నపుడు ఆల్, "తంబియోడు వందాన్" అన్నపుడు ఓడు. ఒకదాని చోట నింకొకటి పొసగదు. మనకు "కత్తితో", "తమ్మునితో" అని రెండు చోట్లను "తో" చెల్లుచున్నది. వ్యాకరణమున నొకే గడిలోనున్న రెండు భాషలు నోటిలో వేఱు వేఱుగ నడచుచున్నవి. కాల్డ్వెల్ ఈ రెండింటిని విడదీయవలెనని వాదించెను. విద్యార్థి ఈ వాదమును తానే సాక్ష్యములతో పరిష్కరింప నేర్చుటయే ఆ తరగతి ప్రయోజనము.

నాకు మిక్కిలి ప్రీతికరమైనది వ్యతిరేక క్రియ. "చేయను, చేయవు, చేయడు" అని మన పల్లెటూరి పిల్లవాడు దినమునకు నూఱు మారు లనును. ప్రాచీన తమిళమున "సెయ్యేన్, సెయ్యాయ్, సెయ్యాన్" అని సరిగ నిట్లే యుండెను. "సెయ్దేన్" అన్న చేసితిని, "సెయ్వేన్" అన్న చేయుదును. ఆ నడిమి కాలచిహ్నమును తీసివేసి "సెయ్యేన్" అన్నచో చేయను! నేటి వాడుకలో తమిళుడు "సెయ్య మాట్టేన్" అనియు, "సెయ్యలై" అనియు ననును. పాత రూపము కావ్యములకు పరిమితమైనదని పుస్తకము జూచినవాడు వ్రాయును. చెవి యొగ్గి విన్నవాడు మాత్రము "తెరియాదు", "ముడియాదు" అని తెలియదు, వీలుకాదు అను నర్థములలో ఆ పాత వ్యతిరేకమే బజారున నింకను బ్రతికియున్నదని కనిపెట్టును. వారికి మిగిలిన శిథిలము మనకు కాపురమున్న యిల్లు. ఈ సంగతిని ఏ దేశాభిమాన ప్రసంగమును నాకు నేర్పలేదు; వ్యాకరణము నేర్పినది.

ఇపుడు అసలైన చిక్కునకు వచ్చుచున్నాను. తమిళుడు వ్రాయునది యొకటి, పలుకునది యొకటి. "ఇరుక్కిఱదు" అని వ్రాసి "ఇరుక్కు" అనును. "అవర్‌గళ్" అని వ్రాసి "అవంగ" అనును. "వందుకొండిరుక్కిఱేన్" అని వ్రాసి "వందుక్కిట్టిరుక్కేన్" అనును. ఎంతటి విద్వాంసుడును ఇంట భార్యాబిడ్డలతో వ్రాత తమిళము మాటలాడడు. ఆ వాడుకలోను ప్రాంతభేదము, కులభేదము కలవు. ఫ్రెంచి పండితుడు జూల్ బ్లాక్ 1910లోనే తమిళమున కులములను మాండలికములను గూర్చి వ్యాసము ప్రకటించెను. యాఴ్‌పాణమున, అనగా సింహళద్వీపపు తమిళులయందు, "అవన్", "ఇవన్" అను వానితోబాటు నడిమి దూరమును సూచించు "ఉవన్" నేటికిని వినబడును. ఈవలి తమిళులు దానిని పుస్తకములలోనే చదువుదురు. వినినవారు వ్రాసిపెట్టకున్నచో ఇట్టివి యెవరి లెక్కలోనికిని రావు.

మనకును ఈ చిక్కు క్రొత్తది కాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు ఆధునికాంధ్రమును గూర్చి 1913లో విజ్ఞాపనము ప్రకటించి, యావజ్జీవము పోరాడిన పోరాట మిదియే. అరణ్యములలోని సవరల భాషను విని నేర్చి దానికి వ్యాకరణము వ్రాసినవారు తెలుగువాని నోటి తెలుగును వినుమని చెప్పుటలో ఆశ్చర్యమేమి? (గ్రాంథికమున మాటలాడుచు వాడుకను పొగడుచున్నాడే యని నవ్వుకొనువారు నవ్వుకొందురుగాక. సభలో మాటలాడు తీరొకటి, శాస్త్రమున పరిశీలించు తీరొకటి.) తెలుగున ఆ వివాదము చాలవఱకు వాడుకవైపునకు తీర్పయినది. తమిళమున కాలేదు. అందుచేత తమిళ వర్ణనాత్మక వ్యాకరణము చదువు విద్యార్థి రెండు భాషలు చదివినంత పని చేయవలెను. తామస్ లేమన్ 1989లో వ్రాసినది వ్రాత తమిళమునకు, హెరాల్డ్ షిఫ్‌మన్ 1999లో ప్రకటించినది పలుకు తమిళమునకు. రెండును ప్రక్క ప్రక్కన తెఱచి చదివినగాని తమిళ మిట్టిదని చెప్పరాదు.

ఇందువలన సామాన్యునకేమి యనెదరా? న్యాయస్థానమునకు రండు. సాక్షి యొకడు "సండై పోట్టాంగళాం" అనెననుకొందము. తెలుగున "జగడమాడిరట". ఆ చివరి "ఆం" అను నొక్క ప్రత్యయము మన "అట" కు సమానము. తాను చూడలేదు, ఇతరులు చెప్పగా విన్నానని సాక్షి అందు స్పష్టముగ చెప్పియున్నాడు. ఇంగ్లీషున వ్రాయువాడు "వారు జగడమాడిరి" అని వ్రాయును. ఏలయన ఇంగ్లీషున ఆ పనిని చేయు ప్రత్యయము లేదు. మౌఖిక సాక్ష్యము ప్రత్యక్షమై యుండవలెనని 1872 నాటి సాక్ష్య చట్టము అఱువదవ సెక్షను విధించెను. ఆ చట్టమునకు బదులు 2024 జూలై 1 నుండి క్రొత్త చట్టము వచ్చినను ఆ సూత్రము మాఱలేదు. ఇపుడు ఆ కాగితమున సాక్షి ప్రత్యక్షసాక్షి యైనాడు. ఎదుటి పక్షపు వకీలు లేచి "నీవు చూచితివా?" యని గద్దించును. "చూడలేదు" అనును. "అట్లయిన ముందు అబద్ధమేల చెప్పితివి?" సాక్షి తెల్లబోవును. వాడు ముందును సత్యమే చెప్పెను, వెనుకను సత్యమే చెప్పెను. అబద్ధమాడినది అనువాదము.

మఱియొకటి. మనకు "మేము", "మనము" అని రెండున్నట్లే తమిళమున "నాంగ", "నామ" అని రెండు గలవు. ఎదుటివానిని చేర్చికొని చెప్పుట యొకటి, విడిచి చెప్పుట యొకటి. ఒక ముద్దాయి యింకొకనితో "నాంగ పోనోం" అన్నచో నీవు గాక మేము పోయితిమని యర్థము; "నామ పోనోం" అన్నచో నీవును మాతో నుంటివని యర్థము. వినుచున్నవాడు ఆ రాత్రి అచ్చట నుండెనా లేదా యను ప్రశ్నకు ఈ యొక్క మాటలో జవాబున్నది. ఇంగ్లీషున రెండును ఒక్కటే. ఒక మనుష్యుని స్వేచ్ఛ ఒక సర్వనామముపై నాధారపడి యుండవచ్చునని చెప్పుట అతిశయోక్తి కాదు. సాక్షి భాషలోనే వాఙ్మూలమును వ్రాసికొనవచ్చునని 1973 నాటి క్రిమినలు ప్రొసీజరు కోడు రెండువందల డెబ్బదియేడవ సెక్షను చెప్పెను. ఆ యేర్పాటు 2023 నాటి క్రొత్త సంహితలోను నిలిచినది. ఏర్పాటున్నది, చెవి పెట్టి వినగల వ్రాయసకాడు కావలెను. తమిళమున నాటకములు, నవలలు చదివినంతమాత్రమున ఆ చెవి రాదు. ప్రత్యయ ప్రత్యయమును విడదీసి దాని పని యేదియో చూపు వ్యాకరణము చదివినవానికి వచ్చును.

బడికి పోవుదము. తమిళనాడున లక్షలాది తెలుగు కుటుంబములు గలవు. 2006 నాటి తమిళ విద్యాభ్యాస చట్టము అచ్చటి బడులలో తమిళమును నిర్బంధ పాఠ్యము చేసినది. ఆ చట్టముయొక్క మంచిచెడ్డలను నేడు నేను విచారింపను. న్యాయస్థానములలో ఆ వాదములు జరిగినవి. నా మాట వేఱు. హోసూరు ప్రాంతపు తెలుగు పిల్లవానికి ఇంట తెలుగు, వీధిలో వాడుక తమిళము, పుస్తకమున వ్రాత తమిళము. వీధిలో "ఇరుక్కు" అని విన్న పిల్లవాడు బడిలో "ఇరుక్కిఱదు" అని వ్రాయవలెను. వానికి చెప్పు ఉపాధ్యాయునకు ఈ రెండింటి నడుమ మార్గమెట్లు పోవునో తెలియకున్నచో పిల్లవానిని మొద్దు అనును. తెలిసినచో పది దినములలో ఆ వంతెన కట్టి యిచ్చును. విశ్వవిద్యాలయపు చదువు గ్రామపు బడిలోనికి దిగివచ్చుట యన నిదియే.

విశ్వవిద్యాలయములలో ఈ చదువు పాదుకొన్న చరిత్ర సంగ్రహముగ జెప్పెదను. 1950 తరువాత పూనాలోని దక్కను కళాశాల వేసవి పాఠశాలలు నడపి దేశమందలి యువపండితులకు క్రొత్త పద్ధతిని నేర్పినది. పిమ్మట అణ్ణామలైనగరమును తిరువనంతపురమును ద్రావిడ భాషలకు కేంద్రములైనవి. ఉస్మానియాలో 1962 నుండి భద్రిరాజు కృష్ణమూర్తిగారు భాషాశాస్త్ర శాఖను నడపిరి. 1969లో మైసూరున భారతీయ భాషల కేంద్ర సంస్థ వెలసినది. మా వృత్తివారి గౌరవార్థము ఒక మాట: అణ్ణామలైలో ఆచార్యులై, పిమ్మట మధుర విశ్వవిద్యాలయమునకు మొదటి ఉపాధ్యక్షులైన తె.పొ. మీనాక్షిసుందరనారు న్యాయశాస్త్ర పట్టభద్రులే.

అచ్చట విద్యార్థి చేయవలసిన పని యేమి? తమిళము మాతృభాషయైన నొకరిని ఎదుట కూర్చుండబెట్టుకొని, వారిని భాషాసాక్షిగ దలచి, మాటలడిగి, విన్నది విన్నట్లు ధ్వనిలిపిలో వ్రాయవలెను. "ఇది తప్పు తమిళము కదా" అని సాక్షిని సరిదిద్దరాదు. అర్థభేదము కలిగించు ధ్వనులేవో తేల్చి, మాటలను పదాంశములుగ విడదీసి, ఒక పదాంశము ఎన్ని రూపముల నెత్తునో, ఏ చోట నే రూపమో పట్టిక వేయవలెను. క్రియలనే చూడుడు: కాలచిహ్నములనుబట్టి తమిళ క్రియలను కొంద రేడు గణములనిరి, మదరాసు విశ్వవిద్యాలయపు తమిళ మహానిఘంటువు పదుమూడనినది. రెండును అబద్ధము కాదు. విభజించు సూత్రము వేఱు. ఏ సూత్ర మేల గ్రహించితివో విద్యార్థి చెప్పగలుగవలెను. ఈ శ్రమ లేక ఇతరుల పట్టికలను కంఠస్థము చేసి పరీక్ష నిచ్చినవాడు తమిళ వ్యాకరణము చదివినవాడు కాడు, పట్టిక చదివినవాడు. అట్టి పట్టభద్రులు మనకు వలదు.

మన జిల్లాలోనే కుప్పమున 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయము వెలసినది. మూడు రాష్ట్రముల కూడలి యది. సంతకు పోయిన నాలుగు భాషలు వినబడును. తెలుగు ఎం.ఏ. చదువు ప్రతి విద్యార్థియు ఒక్క సంవత్సరము తమిళ వర్ణనాత్మక వ్యాకరణమును, సాక్షిని ఎదుట నుంచుకొని, చదువవలెనని నా యభిప్రాయము. తమిళ విద్యార్థులకు తెలుగును అట్లే. ఇది యెవరి భాషనో యెవరిపైననో రుద్దుట కాదు. ఎల్లిస్ నాటి బల్లను తిరిగి వేయుట.

అంతవఱకు మనమూరకుండ నక్కఱలేదు. అధ్యక్షుల యనుమతితో వచ్చు ఆదివారము సాయంకాలము నాలుగు గంటలకు ఈ మందిరముననే పని మొదలుపెట్టుదము. మన బజారున బట్టల వ్యాపారము చేయు తమిళ సోదరులొకరు వారమున కొక గంట భాషాసాక్షిగ కూర్చుండుటకు అంగీకరించినారు. మొదటి దినమున శరీరావయవములు, బంధువుల పేర్లు, అంకెలు, ఇంటి వస్తువులు కలిపి నూఱు మాటలు అడుగుదము. వచ్చువారు కాగితము, పెన్సిలు తెచ్చుకొనవలెను. తమిళలిపి రానివారు సంకోచింపవలదు. తమిళలిపి వచ్చినవారు మాత్రము ఆ లిపిలో వ్రాయక తెలుగక్షరములతోనే వ్రాయవలెను. లేనిచో సాక్షి "బావం" అన్నను వారు అలవాటుచొప్పున "పావం" అని వ్రాసికొందురు.